పెళ్ళి ఫోటోలకు మొదటి మంచి లెన్స్: 24-70 జూమ్ కొనాలా, 35, 85 ప్రైమ్‌ల జత కొనాలా?

కొత్తషట్టర్ (మహదేవపుర, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఒక స్టూడియోలో సహాయకుడిగా పెళ్ళిళ్ళకు వెళ్ళాను. వచ్చే మాఘమాసం ముహూర్తాల నుంచి సొంతంగా ఆర్డర్లు ఒప్పుకుంటున్నాను. చేతిలో ఉన్నది సోనీ ఏ7 మార్క్ 3, దానితో పాటు వచ్చిన 28-70 ఎఫ్ 3.5-5.6 లెన్స్ (మొదటివి మిల్లీమీటర్ల అంకెలు, చిన్నదైతే వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా పడుతుంది; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ), విడిగా కొన్న 50 ఎఫ్ 1.8. వచ్చే ఆర్డర్లన్నీ వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవే. పెళ్ళిళ్ళు ఎక్కువగా ఇక్కడి చౌల్ట్రీలలో, కొన్ని తిరుపతిలో.

లక్షకు అటూ ఇటూ పెట్టగలను. ఆ డబ్బుతో 24-70 ఎఫ్ 2.8 జూమ్ ఒకటి తీసుకోవాలా, లేక జూమ్ లేని ప్రైమ్‌లు 35 ఎఫ్ 1.8, 85 ఎఫ్ 1.8 రెండూ తీసుకోవాలా? తెలిసిన ఇద్దరిని అడిగితే రెండు రకాలుగా చెప్పారు. దయచేసి కారణాలతో చెప్పండి.

వెలుగునీడ (జయనగర్, బెంగళూరు)

కొత్తషట్టర్ గారూ, ముందు ఒక్క సంగతి చెప్పండి. ముహూర్తం సమయానికి మీరు ఎక్కడ నిలబడతారు? నా దృష్టిలో లెన్స్ ఎంపిక ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

మన పెళ్ళి వేదికను ఒకసారి తలచుకోండి. పీటల మీద వధూవరులు, మధ్యలో అడ్డుతెర, దాన్ని చెరో వైపు పట్టుకున్న ఇద్దరు, ఒక పక్క పురోహితుడు, రెండు వైపులా తల్లిదండ్రులు, వెనక మేనమామలు, అక్షతలు పట్టుకుని ముందుకు తోసుకొచ్చే బంధువులు. ఎదురుగా నట్టనడుమ వీడియో వాళ్ళ ట్రైపాడ్. ఇక మనకు మిగిలేది వేదిక మూలన, స్తంభం పక్కన రెండడుగుల జాగా. అక్కడి నుంచి పీటల దాకా మహా అయితే 3 మీటర్లు. ఒకసారి ఆ జాగా వదిలారంటే మళ్ళీ దొరకదు.

అక్కడే నిలబడి మీరు మండపమంతా తీయాలి. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు తీయాలి. తెర దిగగానే ఇద్దరి చూపులు కలిసే క్షణం తీయాలి. పక్కనే కళ్ళు తుడుచుకుంటున్న తల్లిని తీయాలి. ఇవన్నీ నిమిషం లోపే జరిగిపోతాయి, ఎవరూ మన కోసం ఆగరు. లెక్క చూడండి: మీ ఏ7 లాంటి పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 3 మీటర్ల దూరం నుంచి అడ్డంగా పట్టి తీస్తే 24 దగ్గర నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. 35 దగ్గర 3 మీటర్ల పైచిలుకు, 70 దగ్గర మీటరున్నర. 85 అయితే మీటరుంపావు మాత్రమే. నడిచే వీలు లేనిచోట వేలితో రింగు తిప్పడమే మన నడక. అందుకే 24-70. రెండో ఆలోచన వద్దు.

మీ దగ్గరున్న 28-70 కూడా జూమే కదా అనవచ్చు. 70 దగ్గర అది ఎఫ్ 5.6 కి పడిపోతుంది. ఎఫ్ 2.8 తో పోలిస్తే లోపలికి వచ్చే వెలుగు నాలుగో వంతే. ఎఫ్ 2.8 లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు పెంచే అంకె, పెరిగేకొద్దీ ఫోటోలో నలుసులు వస్తాయి) 3200 దగ్గర తీసే ఫోటోకు దీనితో 12800 కి వెళ్ళాలి. ఆ ఫోటోను ఆల్బమ్‌లో రెండు పేజీలకు పరచి చూస్తే తేడా ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా తెలుస్తుంది.

మూడోకన్ను (హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బెంగళూరు)

వెలుగునీడ గారి మీద గౌరవం ఉంది కానీ ఈ మాటతో ఏకీభవించలేను. పెళ్ళి అంటే ముహూర్తం ఒక్కటే కాదు. స్నాతకం, మంగళస్నానం, గౌరీపూజ, ఎదురుకోలు, అప్పగింతలు, రిసెప్షన్... వీటన్నిటిలో మనకు కదిలే చోటు ఉంటుంది.

ఎఫ్ 2.8 తో పోలిస్తే ఎఫ్ 1.8 దాదాపు 2.4 రెట్ల వెలుగు ఇస్తుంది. రాత్రిపూట ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆరుబయట రిసెప్షన్ తీసేవాళ్ళకు ఆ విలువ తెలుసు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు, ఫ్లాష్ వెలుగును దేని మీద కొట్టి వెనక్కి తెస్తారు? చౌల్ట్రీలలో కూడా పైకప్పు మరీ ఎత్తు, లేదంటే రంగురంగుల గుడ్డ కట్టి ఉంటుంది. ఎర్ర గుడ్డకు కొట్టిన ఫ్లాష్ పెళ్ళికూతురి ముఖాన ఎర్రగానే పడుతుంది.

బరువు కూడా చూడండి. సోనీ 35 ఎఫ్ 1.8 బరువు 280 గ్రాములు, 85 ఎఫ్ 1.8 బరువు 371. రెండూ కలిపినా సిగ్మా 24-70 ఆర్ట్ ఒక్కదాని బరువు, అంటే 830 గ్రాములు, రాదు. రెండో కెమెరా అద్దెకు తెచ్చుకుని ఒకదానికి 35, ఇంకోదానికి 85 తగిలించండి. లెన్స్ మార్చే పనే ఉండదు. ఆ 85 ఇచ్చే ముఖం ఫోటో ఏ జూమ్ ఇవ్వదు. వెనకున్న ప్లాస్టిక్ కుర్చీలు, మంచినీళ్ళ డబ్బాలు అన్నీ కరిగిపోయి పెళ్ళికూతురు ఒక్కతే మిగులుతుంది.

వెలుగునీడ

85 అందం గురించి మీరన్నది నిజమే, కాదనను. ఇప్పుడు తలంబ్రాల సమయం తీసుకోండి. 85 ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి 2 మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు మొత్తం సుమారు 6 సెంటీమీటర్లు. పెళ్ళికూతురు నవ్వుతూ ముందుకు వంగితే ఆవిడ కళ్ళు స్పష్టంగా ఉంటాయి, అబ్బాయి ముఖం మసక. ఆ ఫోటో చూసి అబ్బాయి తల్లి ఏమంటుందో ఊహించండి. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోలో ఇద్దరూ కనబడాలి. అందుకోసం లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి 85 ను ఎఫ్ 4 కు మూసేస్తే, ఎఫ్ 1.8 కోసం పెట్టిన డబ్బుకు అక్కడ అర్థం లేదు.

జీలకర్ర బెల్లం సమయంలో మాత్రం వేదిక పక్క నుంచి తీస్తే రెండు ముఖాలూ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. అక్కడ ఎఫ్ 2.8 నిశ్చింతగా వాడవచ్చు.

ముగ్గుచుక్క (బనశంకరి, బెంగళూరు)

ఇద్దరూ వేదిక మీదే ఆగిపోయారు. పెళ్ళికూతురి గది సంగతి ఎవరూ మాట్లాడలేదు.

నేను ఎక్కువగా అమ్మాయి తరఫునే తీస్తాను. చౌల్ట్రీలో అలంకరణకు ఇచ్చే గది మహా అయితే పదడుగులకు పదడుగులు. అందులో మంచం, బీరువా, తెరిచిన సూట్‌కేసులు, చీరలు మోసుకొచ్చిన పిన్నులు, ముస్తాబు చేసే అమ్మాయి, ఆవిడ సహాయకురాలు. గోడకు ఒక ట్యూబ్‌లైట్, అద్దం చుట్టూ బల్బులు. ఆ గదిలో 85 పట్టుకుంటే గోడకు వీపు ఆనించినా పూలజడ మొత్తం ఫ్రేములోకి రాదు. 24 దగ్గర తీస్తే అంచున ఉన్నవాళ్ళ చేతులు లావుగా సాగిపోతాయి, ఆడవాళ్ళు ఆ ఫోటోను ఎన్నటికీ క్షమించరు. అక్కడ నాకు పనికొచ్చేది 35 ఒక్కటే. అద్దంలో పెళ్ళికూతురి ముఖం, ఇవతల జడ అల్లుతున్న చేతులు, రెండూ ఒకే ఫోటోలో పడతాయి. ఆ లెన్స్ 22 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది కాబట్టి గోరింటాకు, వంకీ, వడ్డాణం కూడా దానితోనే తీస్తాను. 85 ఎఫ్ 1.8 అయితే 80 సెంటీమీటర్ల లోపల ఫోకస్ కాదు.

కాబట్టి తమ్ముడూ, నా వరుస ఇది: ముందు జూమ్, తర్వాత చేతిలోకి డబ్బు రాగానే 35. 85 కు తొందర లేదు. ఈలోగా 50 నీ దగ్గర ఉండనే ఉంది.

కొత్తషట్టర్

ధన్యవాదాలు అక్కా. మీరు చెప్పిన గది నేను చూసిన గదే. జూమ్ వైపు మొగ్గుతున్నాను. అయితే ఏ జూమ్? టామ్రాన్ 28-75 జీ2, సిగ్మా 24-70 ఆర్ట్, సోనీ జీఎం రెండో తరం... ఈ మూడింటిలో ఎక్కడ తేడా?

గాజుకన్ను (కోరమంగల, బెంగళూరు)

మూడూ వాడాను కాబట్టి చెప్తాను.

సోనీ 24-70 జీఎం రెండో తరం 2022 లో వచ్చింది. 695 గ్రాములే. మొదటి తరం 886 గ్రాములుండేది. ఫోకస్ వేగంలో దీన్ని మించింది లేదు. కానీ మీ బడ్జెట్‌కు అందదు. ఆ డబ్బుతో సిగ్మా కొని, పైన ఒక 85 ఎఫ్ 1.8 కూడా కొనుక్కోవచ్చు.

టామ్రాన్ 28-75 జీ2 2021 లో వచ్చింది. 540 గ్రాములు, 67 సైజు ఫిల్టరు (లెన్స్ ముందు బిగించే అద్దం). మీరు అడిగిన సోనీ 85 కు, టామ్రాన్ 70-180 కు కూడా అదే ఫిల్టరు సరిపోతుంది. పొద్దున గణపతి పూజ నుంచి రాత్రి రిసెప్షన్ దాకా మెడలో వేసుకుని తిరిగితే మణికట్టుకు సిగ్మాతో ఉన్న 290 గ్రాముల తేడా బాగా తెలుస్తుంది. లోటు ఒక్కటే, 24 కు బదులు 28 నుంచి మొదలవుతుంది. వెలుగునీడ గారి లెక్కే తీసుకుంటే, 3 మీటర్ల నుంచి నాలుగున్నర మీటర్లకు బదులు 3.9 మీటర్లు పడుతుంది. అంటే మండపం రెండు చివరలా ఒక్కో మనిషి తెగిపోతాడు. ఆ తెగిపోయేది మేనమామ అయితే తంటానే.

సిగ్మా 24-70 ఆర్ట్ 2019 నాటిది. 2024 లో రెండో తరం వచ్చాక పాతది సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతోంది. బరువు ఎక్కువ, ఫిల్టరు 82 సైజు, చిత్రం మాత్రం అంచుల దాకా గట్టిగా ఉంటుంది.

ఇతర కంపెనీల లెన్సులు తగిలిస్తే సోనీ కెమెరాల్లో వరుస షాట్ల వేగం సెకనుకు 15 దగ్గర ఆగిపోతుందని కొందరు భయపెడతారు. అది ఏ9, ఏ1 లాంటి వేగవంతమైన కెమెరాలకు వర్తించే సంగతి. మీ ఏ7 మార్క్ 3 వేగమే సెకనుకు 10. మీకు దానితో పనిలేదు.

చెన్నపట్నం (టి.నగర్, చెన్నై)

మద్రాసు నుంచి రెండు మాటలు. ఇక్కడ నాకు తెలుగు పెళ్ళిళ్ళు, తమిళ పెళ్ళిళ్ళు రెండూ వస్తాయి. తమిళ బ్రాహ్మణుల పెళ్ళిలో మాలలు మార్చుకునేటప్పుడు అమ్మాయిని, అబ్బాయిని మేనమామలు భుజాల మీదికి ఎత్తుకుంటారు. ఒక్కసారిగా ఇద్దరూ మన తలల కంటే పైకి లేచిపోతారు, చుట్టూ జనం మూగుతారు. వెనక్కి జరిగే దారి ఉండదు. అక్కడ 28 కు, 24 కు మధ్య తేడా కాగితం మీద లెక్క కాదు, ఎత్తిన మేనమామ కాళ్ళు ఫ్రేములో ఉంటాయా లేదా అన్నదే. నేను 24 కే ఓటు వేస్తాను.

రెండోది తేమ. బెంగళూరు వాళ్ళు దీని గురించి అంతగా పట్టించుకోనక్కరలేదు కానీ తిరుపతికి, చెన్నైకి ఆర్డర్ల మీద వచ్చేవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఏసీ హాలులో చల్లబడిన లెన్స్‌ను ఊరేగింపు తీయడానికి ఒక్కసారిగా వీధిలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. ఊరేగింపుకు ఇరవై నిమిషాలో, అరగంటో ముందే లెన్స్‌ను సంచిలో పెట్టి, జిప్పు మూసి, సంచిని బయట ఉంచండి. నెమ్మదిగా వేడెక్కితే ఆవిరి పట్టదు. ఇంట్లో అయితే గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బూజు భయం లేదు.

సగంఫ్రేము (కె.ఆర్.పురం, బెంగళూరు)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది సోనీ ఏ6400, చిన్న సెన్సర్. మాకు 24-70 కు బదులు ఏది?

గాజుకన్ను

మీ సెన్సర్‌కు లెన్స్ అంకెను ఒకటిన్నరతో గుణించుకోవాలి. 24-70 తగిలిస్తే అది 36-105 లాగా పనిచేస్తుంది, మండపం వెడల్పులో మూడింట రెండు వంతులే పడుతుంది. సిగ్మా 18-50 ఎఫ్ 2.8 మీకు 27-75 లాంటిది, బరువు 290 గ్రాములే. టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 తీసుకుంటే దాదాపు 25 నుంచి 105 దాకా వస్తుంది. ఏ6400 లోపల చేతి వణుకును ఆపే ఏర్పాటు లేదు, టామ్రాన్ లెన్స్‌లో అది ఉంది. పెళ్ళిళ్ళకే అయితే టామ్రాన్.

పాతరీలు (రాజాజీనగర్, బెంగళూరు)

చర్చ చదువుతుంటే సంతోషంగా ఉంది. నేను 36 ఫోటోల రీలు వేసుకుని పెళ్ళిళ్ళు తీసిన కాలం వాడిని. మంగళసూత్రధారణ దగ్గరకు వచ్చేసరికి రీలులో కనీసం పది మిగిలేలా చూసుకునేవాళ్ళం.

పిల్లలకు ఒక హెచ్చరిక. లెన్స్ ఎంత మంచిదైనా ఇప్పటి మండపాల్లో ఎల్ఈడీ దీపాలు, వెనక ఎల్ఈడీ తెరలు ఫోటోలు పాడుచేస్తున్నాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దాని వల్ల చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, షట్టర్‌కు తెలుస్తుంది. ఒక ఫోటో వెలుగుగా, పక్క ఫోటో చీకటిగా వస్తే లెన్స్‌ను తిట్టుకోకండి. షట్టర్‌ను 1/100 దగ్గర (సెకనులో వందో వంతు) పెట్టి చూడండి, సర్దుకుంటుంది. శబ్దం రాకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్‌ను ఈ దీపాల కింద అసలు వాడవద్దు, ఫోటో నిండా అడ్డచారలు పడతాయి. ఏ7 మార్క్ 3 మెనూలో మినుకును కనిపెట్టి తీసే ఏర్పాటు ఉంది, అది మెకానికల్ షట్టర్‌తోనే పనిచేస్తుంది.

కొత్తషట్టర్

పాతరీలు గారూ, 1/100 దగ్గర తీస్తే తలంబ్రాలు గీతల్లా సాగిపోవా?

పాతరీలు

సాగిపోతాయి బాబూ, మంచి ప్రశ్న. అర మీటరు ఎత్తు నుంచి జారిన బియ్యపు గింజ కింద పడేసరికి సెకనుకు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. 1/250 దగ్గర కూడా 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. గింజ గింజగా ఆగి కనబడాలంటే 1/1000 కావాలి, అప్పుడు 3 మిల్లీమీటర్లు. అంత వేగానికి మండపం వెలుగు చాలదు, మినుకు బెడద కూడా తిరగబెడుతుంది. అందుకే తలంబ్రాలకు ఫ్లాష్ వాడతాను. ఫ్లాష్ మెరుపు నిడివి చాలా తక్కువ, గింజను గాలిలో ఆపేది ఆ మెరుపే. షట్టర్ 1/200 దగ్గర ఉన్నా ఫరవాలేదు. కెమెరా లోపల ఉన్న వణుకు నివారణ ఇక్కడ దేనికీ పనికిరాదు. అది మన చేతి వణుకును ఆపుతుంది, ఎదుటివాళ్ళ కదలికను కాదు. ఈ ఒక్క తేడా తెలియక ఎంతోమంది కుర్రాళ్ళు 1/30 దగ్గర తీసి మసక ఫోటోలు ఇస్తున్నారు.

మూడోకన్ను

నేను ఇంకా 85 వైపే ఉన్నాను. అయినా జూమే కావాలనుకుంటే టామ్రాన్ 35-150 ఎఫ్ 2-2.8 ఎందుకు చూడకూడదు? 2021 లో వచ్చింది. 35 దగ్గర ఎఫ్ 2. 85, 135 రెండూ అందులోనే ఉన్నాయి. అప్పగింతలప్పుడు దూరంగా నిలబడి తీయవచ్చు. ఏడుస్తున్న తండ్రి ముఖం ముందుకు కెమెరా తీసుకెళ్ళడం నాకు ఇష్టం ఉండదు.

ముగ్గుచుక్క

అప్పగింతల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ సమయంలో ఫ్లాష్ కూడా వేయకూడదు. కానీ ఆ లెన్స్ 1165 గ్రాములు. కెమెరాతో కలిపితే కిలోన్నర దాటిపోతుంది. ఇవి తమ్ముడికి తొలి పెళ్ళిళ్ళు, కెమెరా ఒక్కటే, పైగా 35 కన్నా వెడల్పు లేదు. రెండో కెమెరా కొన్నాక ఆలోచించాల్సిన లెన్స్ అది.

వెలుగునీడ

కొత్తషట్టర్ గారూ, కొనేముందు అద్దెకు తెచ్చుకోండి. బెంగళూరులో లెన్సులు రోజు అద్దెకు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ముహూర్తాల రోజుల్లో మాత్రం ఎఫ్ 2.8 జూమ్‌లే అందరికంటే ముందు అయిపోతాయి, కాబట్టి ముందే చెప్పిపెట్టుకోవాలి. పెళ్ళికి ముందురోజు సాయంత్రమే తీసుకుని మీ కెమెరాకు తగిలించి చూడండి. లెన్స్ మీద ఉన్న గీతలను వాళ్ళ ముందే ఫోటో తీసి పెట్టుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ ఉండదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఫోను టార్చ్‌ను లెన్స్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనబడితే అది బూజు, ఎంత చవకైనా వద్దు. లెన్స్‌ను కిందికి వంచి పట్టుకున్నప్పుడు జూమ్ దానంతటదే జారుతోందా చూడండి. బిల్లు, దాని మీద సీరియల్ నంబరు అడగండి. బిల్లు లేదంటే బేరం అక్కడితో ఆపేయండి.

ఇంకొక్కటి. హోమం దగ్గర లెన్స్ ముందు అద్దం మీద నేతి పొగ పలుచటి పొరలా పడుతుంది. తర్వాత తీసిన ప్రతి దీపం చుట్టూ మసక వలయం వస్తుంది. సాధారణ ఫిల్టరు ఒకటి పెట్టుకుని, హోమం కాగానే మెత్తని గుడ్డతో తుడవండి. తలంబ్రాల సమయంలో మాత్రం లెన్స్ మార్చకండి. ఒక్క పసుపు గింజ కెమెరా లోపల పడితే సెన్సర్ శుభ్రం చేయించేదాకా ప్రతి ఫోటోలో మచ్చే.

కొత్తషట్టర్

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిర్ణయానికి వచ్చాను. మొదటి పెళ్ళికి సిగ్మా 24-70 అద్దెకు తెస్తాను. రెండో పెళ్ళికి టామ్రాన్ 28-75. బరువు, వెడల్పు రెండూ చేతితో చూసుకుని ఒకటి కొంటాను. ఆ తర్వాత అక్క చెప్పినట్టు 35.

చివరిగా ఒకటి అడుగుతాను. భోజనాలకు ముందు వేదిక మీద కుటుంబాల వారీగా తీసే గ్రూప్ ఫోటోలకు ఈ జూమ్‌ను ఎక్కడ పెట్టాలి?

పాతరీలు

వెనక్కి జరిగే చోటు ఉంటే 50 దగ్గర పెట్టు. లేకపోతే 35 కు రా, అంతకంటే కిందికి పోవద్దు. అంచున నిలబడిన తాతగారి ముఖం సాగకూడదు. మూడు వరసలుంటే ఎఫ్ 5.6 కు తక్కువ కాకుండా మూసేసి, ఫోకస్‌ను మొదటి వరస మీద కాకుండా నడిమి వరసలో ఒకరి కంటి మీద పెట్టు. ఫ్లాష్ తప్పనిసరి. ఒక్కో కుటుంబానికి కనీసం నాలుగు తియ్యి, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. పిల్లలను ముందు కూర్చోబెట్టు. వేదిక ఎక్కలేని ముసలివాళ్ళ ఫోటోలకు పిలుపు వచ్చేదాకా ఆగకు. నువ్వే వాళ్ళ కుర్చీల దగ్గరకు వెళ్ళి, వధూవరులను అక్కడికి తీసుకెళ్ళి ముందుగా తీసెయ్యి.